రోలెనా, బెల్ట్రేనా: థర్డ్ బేస్‌లో ఎవరి కెరీర్ మేలు?

బేస్‌బాల్‌లో థర్డ్ బేస్ దగ్గర నిలబడేవాడికి ఆలోచించుకునే టైమ్ ఉండదు. కుడిచేతి బ్యాటర్ లాగి కొట్టాడంటే బంతి బుల్లెట్‌లా అటే వస్తుంది. అందుకే ఆ మూలను హాట్ కార్నర్ అంటారు. ఆపితే చాలదు, రన్నర్ చేరేలోపు సుమారు 127 అడుగుల దూరంలో ఉన్న ఫస్ట్ బేస్‌కు విసరాలి కూడా. ఆ పనిని ఏళ్ల తరబడి నిలకడగా చేసిన స్కాట్ రోలెన్ 2023లో, ఆడ్రియన్ బెల్ట్రే 2024లో బేస్‌బాల్ దిగ్గజాలకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. అందుకు విలేకరుల ఓటింగ్‌లో 75 శాతం రావాలి. బెల్ట్రేకు మొదటిసారే 95.1 శాతం ఓట్లు పడ్డాయి. రోలెన్ 2018లో 10.2 శాతంతో మొదలై, ఏళ్లు ఆగి 76.3తో గట్టెక్కాడు.

ఆ తేడా చూసి పోటీయే లేదనుకుంటే రోలెన్‌కు అన్యాయం చేసినట్టే. ఆరడుగుల నాలుగంగుళాల భారీ మనిషి, అయినా పక్కకు దూకి బంతి అందుకుని, లేచి విసరడంలో అతని వేగం చూసి తీరాల్సిందే. మేటి ఫీల్డర్‌కు ఏటా ఇచ్చే గోల్డ్ గ్లవ్‌లు ఎనిమిది గెలిచాడు, బెల్ట్రేవి ఐదు. ఆటగాడు జట్టుకు ఎన్ని విజయాలు కలిపాడో అంచనా కట్టే ‘వార్’ లెక్కలో బెల్ట్రేకు 93 పైన, రోలెన్‌కు 70 వచ్చాయి. కానీ బెల్ట్రే 2,933 మ్యాచ్‌లు ఆడితే రోలెన్ ఆడినవి 2,038. నూరు మ్యాచ్‌లకు లెక్కేస్తే రోలెనే కాస్త పైన ఉంటాడు.

మరి ఆ తొమ్మిది వందల మ్యాచ్‌ల తేడా ఎక్కడిది? ఎక్కువగా రోలెన్ భుజం గాయం నుంచే. 2004లో 34 హోమ్ రన్లు (సాధారణంగా బంతి కంచె దాటే షాట్లు), 124 ఆర్‌బీఐలతో (తన బ్యాటింగ్‌తో జట్టుకు వచ్చిన పరుగులు) రోలెన్ మంచి ఊపు మీదున్నాడు. మరుసటి మే నెలలో ఫస్ట్ బేస్ దగ్గర లాస్ ఏంజిలెస్ జట్టు డాడ్జర్స్ ఆటగాడిని గుద్దుకున్నాడు. ఆ ఏడాది ఆడింది 56 మ్యాచ్‌లే. ఆ తర్వాత ఏ సీజన్‌లోనూ 22 హోమ్ రన్లు దాటలేదు.

బెల్ట్రే కథ దీనికి తలకిందులు. డాడ్జర్స్‌కు పంతొమ్మిదేళ్లకే ఆడాడు. 2004లో 48 హోమ్ రన్లు కొట్టి సియాటిల్ జట్టుకు వెళ్తే, అక్కడి ఐదేళ్లూ బ్యాట్ అంతంతమాత్రమే. గ్లవ్ మాత్రం ఎప్పుడూ తగ్గలేదు. 2010లో బోస్టన్‌లో 49 డబుల్స్ (బ్యాటర్‌ను సెకండ్ బేస్ దాకా చేర్చే షాట్లు), ఆపై ఎనిమిదేళ్లు టెక్సస్ రేంజర్స్. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో, 2017 జూలై 30న అతను 3,000వ హిట్ (బ్యాటర్‌ను బేస్‌కు చేర్చే షాట్) కొట్టాడు. మొత్తం 3,166 హిట్లలో దాదాపు సగం ముప్పై నిండాకే వచ్చాయి. 2011లో సీజన్ టైటిల్ తేల్చే వరల్డ్ సిరీస్ ఐదో మ్యాచ్‌లో పిచర్ కార్పెంటర్ వేసిన బంతిని ఒక మోకాలు నేలకానించి మరీ హోమ్ రన్ కొట్టాడు. అలా కొట్టడం అతనికి అలవాటే.

నా ఓటు బెల్ట్రేకే. దెబ్బలు తగలని మూల కాదది. అక్కడ ఇరవై ఏళ్లు జట్టుకు అందుబాటులో ఉండటాన్ని అదృష్టం ఖాతాలో వేయలేను.

టైటిల్ పోరు జరిగే ఒక్క అక్టోబరు గెలవాలంటే మాత్రం రోలెన్‌ను పిలుస్తాను. 2004 నేషనల్ లీగ్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో పిచర్ క్లెమెన్స్‌పై హోమ్ రన్ కొట్టి తన జట్టు కార్డినల్స్‌ను వరల్డ్ సిరీస్‌కు చేర్చింది అతనే. 2006 వరల్డ్ సిరీస్‌లో .421 బ్యాటింగ్ సగటుతో ఆడి టైటిల్ గెలిచాడు. టైటిల్ గెలిచినవాళ్లకిచ్చే ఆ ఉంగరం బెల్ట్రేకు దక్కలేదు.