ఇటుక గోడ కడిగే సర్వీసు: పాచికి బాగుంది, చవుడుకి మాత్రం పిలవకండి

మా రాజమండ్రి ఇంటి ప్రహరీని నాన్నగారు ప్లాస్టరింగ్ చేయించకుండా, ఎర్ర ఇటుక కనబడేలా పాయింటింగ్ (ఇటుకల మధ్య సందులు సిమెంటుతో పూడ్చడం) మాత్రమే చేయించి కట్టించారు. 22 ఏళ్లయింది. రెండు వానాకాలాల నుంచి ఆ గోడ వంక చూడాలంటే ప్రాణం ఉసూరుమంటోంది. వేపచెట్టు నీడ పడేచోట నల్లగా పాచి, అడుగున మోకాలెత్తు దాకా తెల్లగా చవుడు, గేటు కమ్ముల కింద తుప్పు కారిన చారలు. చివరికి నీళ్లు జోరుగా చిమ్మే మెషిన్ తెచ్చి ఇంటి దగ్గరే గోడలూ టైల్సూ కడిగే ఒక సర్వీసుని పిలిపించాను. 3,500 తీసుకున్నారు. పేరు రాయడం లేదు. వచ్చిన ఇద్దరు కుర్రాళ్లూ మర్యాదగా ఉన్నారు, ఎండలో ఒళ్లు దాచుకోకుండా పనిచేశారు. తప్పు వాళ్ల పద్ధతిది.

ముందు బాగున్నది చెప్తాను. పాచి విషయంలో నూటికి నూరు మార్కులు. నీళ్లు విసనకర్రలా విచ్చుకునే తెల్ల నాజిల్ పెట్టి, గోడకి ఓ రెండడుగుల దూరంలో నిలబడి పైనుంచి కిందకి కొట్టుకుంటూ వస్తుంటే, నల్లటి పొర జారిపోయి అసలు ఇటుక రంగు బయటపడింది. నాకైతే నాన్నగారు గోడ కట్టించిన రోజులు గుర్తొచ్చాయి.

అక్కడితో ఆగి ఉంటే ఐదు స్టార్లూ ఇచ్చేవాణ్ణి. మూలన మొండికేసిన మరకకి సన్నటి నాజిల్ మార్చి దగ్గరగా కొట్టారు, అక్కడ నాలుగు ఇటుకల పైచర్మం లేచిపోయింది. ఇటుకకి బట్టీలో కాలి గట్టిపడిన పైపొరే కవచం, అది పోతే లోపలి మెత్తటి మట్టి నీళ్లు పీలుస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఆ నాలుగింటినీ గోటితో గీరితే ఎర్రపొడి రాలుతోంది.

చవుడు దగ్గర ఇంకా పెద్ద పొరపాటు జరిగింది. "యాసిడ్ వేస్తే గోడ మెరిసిపోద్దండి" అంటూ బాత్రూం యాసిడ్ డబ్బా మూత తీసి, నీళ్లు కలపకుండా, గోడనైనా ముందు తడపకుండా మగ్గుతో పోశాడు ఒకతను. ఇటుకల మధ్య సిమెంటు బుసబుసా పొంగింది. యాసిడ్ సిమెంటుని తినేస్తుంది, ఆ పొంగు అదే. అడుగు రెండు వరసల్లో పాయింటింగ్ గరుకుతేలి, పుల్లతో పొడిస్తే ఇసుక రాలేలా అయింది. తెలుపు మాయమైంది కదా అని ఆ పూటకి సంతోషించాను గానీ, పది రోజులు తిరక్కుండానే అదే చోట ముందుకన్నా మందంగా పూసింది.

మా పాత తాపీమేస్త్రి వచ్చి చూసి, "ఉప్పు గోడ లోపలుంది బాబూ, నువ్వు పైన నీళ్లు కొట్టావు" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు సంగతి అర్థమైంది. ఇటుకలోనో సిమెంటులోనో నేలలోనో ఉన్న లవణాలు తేమలో కరిగి బయటికొస్తాయి, నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. నీళ్లతో కడిగితే అందులో కొంత కరిగి మళ్లీ లోపలికే పోతుంది. మా తేమ ఎక్కడిదా అని చూస్తే, కడియం నర్సరీల నుంచి తెచ్చిన కుండీలన్నీ ఆ గోడకే ఆనించి రోజూ నీళ్లు పోస్తున్నాం! వాటిని మూడడుగులు ఇవతలికి జరిపి, బాగా ఎండకాసే రోజుల్లో నైలాన్ బ్రష్‌తో పొడిగానే రుద్ది, రాలిన తెల్లపొడి మళ్లీ నేలలో కలవకుండా చేటలోకి ఎత్తిపోశాను. వారానికోసారి చొప్పున ఐదుసార్లు చేశాక ఇప్పుడు వేలితో రాస్తే అంటుకునేంత కూడా లేదు. ఇనుప బ్రష్ మాత్రం వద్దు, దాని తునకలు ఇటుకలో ఇరుక్కుని తుప్పు పడతాయి.

తుప్పు చారలని వాళ్లు ముట్టుకోలేదు. దానికి ఆక్సాలిక్ యాసిడ్ పొడి తెచ్చుకుని, గ్లవుజులు వేసుకుని, లీటరు గోరువెచ్చటి నీళ్లలో 50 గ్రాములు కలిపాను. గోడ తడిపి, పాత తువ్వాలు ముక్క అందులో ముంచి మరక మీద అరగంట అద్ది ఉంచి, బ్రష్‌తో రుద్ది కడిగేశాను. రెండోసారికి పోయింది. విషపదార్థం, పిల్లలకీ కుక్కలకీ అందనివ్వకండి. ఏ యాసిడ్‌నీ బ్లీచింగ్‌తో కలపకండి, వచ్చే క్లోరిన్ గ్యాస్ ఊపిరితిత్తులని దెబ్బతీస్తుంది.

వెళ్లేముందు పైన వార్నిష్ లాంటి క్లియర్ కోట్ కొడతామన్నారు, ఇంకో 6,000. మేస్త్రి వద్దన్నారు. లోపలి తేమ బయటికి రాలేక ఉప్పు ఆ పొర వెనకే పేరుకుని ఇటుకని పెచ్చులుగా ఊడగొడుతుందట. ఆ డబ్బుతో అడుగు రెండు వరసలకీ పాయింటింగ్ మళ్లీ చేయించుకున్నాను.

ఐదుకి రెండున్నర. వచ్చే ఏడాది వానలు వెళ్లాక పాచి కోసం వాళ్లనే పిలుస్తాను. తెల్ల నాజిల్ ఒక్కటే వాడాలని, యాసిడ్ డబ్బా గేటు లోపలికి తేవద్దని ముందే ఫోన్లో చెప్పేస్తాను.