విస్బీ రేకుల కవచం, చేతి తొడుగులు: ఎనిమిది నెలలు వాడాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఇది పెట్టె విప్పిన రోజు ఉత్సాహంలో రాస్తున్న రివ్యూ కాదు. ఈ కవచం నా చేతికి వచ్చి ఎనిమిది నెలలైంది. నేను ఆడేది మధ్యయుగపు కవచాలు తొడుక్కుని చేసే కత్తిపోరాటం. వారానికి రెండు రోజులు ప్రాక్టీసులోనూ, మూడు పెద్ద పోటీల్లోనూ మొద్దు ఉక్కు కత్తుల దెబ్బలు తిన్నాకే రాస్తున్నాను. నేను చేయించుకున్నది 14వ శతాబ్దం మధ్యనాటి రేకుల కవచం, కోట్ ఆఫ్ ప్లేట్స్ అంటాం కదా, అది. తోలు అంగీకి లోపలివైపు ఉక్కు రేకులు రివెట్లతో బిగించి ఉంటాయి, బయటికి రివెట్ తలలు మాత్రమే వరసగా కనిపిస్తాయి. దానికి జతగా చేతి తొడుగులు కూడా చేయించాను.

దీనికి ముందు నా దగ్గర వేరే చోట కొన్న రెడీమేడ్ సెట్ ఒకటి ఉండేది. ఫొటోల్లో తళతళా మెరిసిపోయేది, పైగా '14వ శతాబ్దపు నైట్ సెట్' అని పేరు. పైన పటారం, లోన లొటారం. ఛాతీ రేకు నడుము దాటి తుంటి దాకా దిగి ఉండేది. నిటారుగా నిలబడ్డంతసేపూ ఏ బాధా లేదు, కొంచెం ముందుకు వంగితే చాలు, కింది అంచు తొడకి తగిలి రేకు మొత్తం పైకి లేచి గొంతు కింద పొడిచేది. చంకల దగ్గర సరిగా కోయలేదు, అందుకని రెండు చేతులూ ముందుకు తెచ్చి కత్తి పట్టుకోవాలంటే రేకుతోనే ఒక యుద్ధం చెయ్యాల్సొచ్చేది. రెండో బౌట్‌లోనే ఎడమ భుజం పట్టీ రివెట్ ఊడిపోయింది. ఒళ్లు హూనమై ఇంటికొచ్చి, నాకే బలం చాలడం లేదేమో, ఈ ఆట నాకు పడదేమో అని చాలా రోజులు మథనపడ్డాను. నా ఒంట్లో ఏ లోపమూ లేదని ఈ కొత్తది వేసుకున్న మొదటి రోజే అర్థమైంది. ఆ పాత సెట్ ఎవరి ఒంటి కొలతలతోనూ చేసింది కాదు, అంతే.

ఈ కొత్త కవచం చేసిన వర్క్‌షాప్ వాళ్లకు మొదటిసారి రాసినప్పుడు సైజు అడగలేదు. ఏ సంవత్సరం, ఏ ప్రాంతం, గుర్రం మీద వచ్చే నైటా లేక కాలినడకన వచ్చిన మామూలు సైనికుడా, కింద ఏం తొడుక్కుంటారు, ఏ ఆయుధాలతో ఆడతారు, ఇవీ ప్రశ్నలు. నేను విస్బీ రకం కవచం, హవర్‌గ్లాస్ గాంట్లెట్లు కావాలని రాశాను. హవర్‌గ్లాస్ అంటే మణికట్టు దగ్గర సన్నగా, రెండువైపులా విచ్చుకున్నట్టు ఉండే తొడుగులు. దానికి వాళ్లు పెద్ద జవాబు రాశారు, నాకు ఈ వర్క్‌షాప్ మీద గురి కుదిరింది అక్కడే.

విస్బీ సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. 1361 జూలై 27న, ఇప్పటి స్వీడన్‌లోని గోట్‌లాండ్ దీవిలో, విస్బీ పట్టణపు గోడల బయట, డెన్మార్క్ రాజు నాలుగో వాల్డెమార్ సైన్యం అక్కడి రైతుసేనను ఊచకోత కోసింది. ఎండాకాలం, శవాలు త్వరగా పాడవుతాయి, అందుకే చాలామందిని ఒంటిమీద కవచాలు ఉన్నవి ఉన్నట్టే సామూహిక గుంటల్లో పూడ్చేశారని పరిశోధకులు అంటారు. 1905 నుంచి ఆ గుంటల్ని విడతలుగా తవ్వితే వెయ్యిమందికి పైగా మనుషుల ఎముకలు, వాటితో పాటే పాతిక దాకా కవచాలు బయటపడ్డాయి. ఇనుప గొలుసుల టోపీలో ఇంకా ఇరుక్కునే ఉన్న పుర్రెలు కూడా దొరికాయి. ఆ ఫొటోలు చూసినవాళ్లు ఈ ఆటని ఇక తేలిగ్గా తీసుకోలేరు, నేనైతే తీసుకోలేకపోయాను.

మనలాంటివాళ్లకు ఈ తవ్వకం ఎందుకంత ముఖ్యమంటే, ఆ కాలపు మామూలు సైనికుడి రేకుల కవచం ఇంత పెద్ద సంఖ్యలో ఇంకెక్కడా దొరకలేదు. రాజుల సమాధుల మీది శిల్పాలు చూస్తే ఈ కవచం పైన బట్ట కప్పి ఉంటుంది, లోపల ఏముందో తెలియదు. జర్మనీలోని మాగ్డెబర్గ్ కేథడ్రల్‌లో 13వ శతాబ్దం మధ్యనాటి సెయింట్ మారిస్ విగ్రహం ఒకటుంది, దాని ఒంటిమీద రివెట్ వరసలు స్పష్టంగా చెక్కి ఉన్నాయి. కానీ ఎంత చక్కగా చెక్కినా రాయి బయటి రూపాన్నే చూపిస్తుంది. విస్బీలో సరిగ్గా తిరగబడింది, తోలు చాలావరకు కుళ్లిపోయింది, తుప్పు పట్టిన రేకులూ రివెట్లూ మిగిలాయి. వాటిని స్వీడన్ పురావస్తు పరిశోధకుడు బెంగ్ట్ థోర్డెమన్ ఒక్కొక్కటిగా పరిశీలించి, రకాలుగా విడదీసి, 1939లో ప్రచురించాడు. ఈరోజు రేకుల కవచం చేసే ఎవరైనా ఆ బొమ్మల దగ్గరికి వెళ్లాల్సిందే.

ఈ వర్క్‌షాప్ నాకు పంపిన డ్రాయింగ్ కూడా వాటి మీద ఆధారపడిందే, కానీ అందులో ఒక పద్ధతి నాకు భలే నచ్చింది. తవ్వకంలో ఆధారం ఉన్న ప్రతి గీతా నలుపులో వేశారు. తాము ఊహించి కలిపినవన్నీ ఎరుపులో వేశారు. రేకుల ఆకారం, వాటి వరస, రివెట్ల మధ్య దూరం నలుపు. తోలు అంచు మడిచి కుట్టిన తీరు ఎరుపు. భుజం పట్టీల వెడల్పు సగం నలుపు, సగం ఎరుపు. తోలు మందం దగ్గర మాత్రం ఒక చిన్న వివరణ రాశారు: రివెట్ తలకీ రేకుకీ మధ్య మిగిలిన ఖాళీని బట్టి అక్కడ ఒకప్పుడు ఎంత మందం పదార్థం ఉండేదో లెక్క కట్టొచ్చట. కుళ్లి మట్టిలో కలిసిపోయిన తోలుని ఒక మిల్లీమీటర్ ఖాళీ ఇన్ని వందల ఏళ్ల తర్వాత పట్టిస్తోందంటే నాకు ఒళ్లు జలదరించింది. అమ్మే వస్తువులో ఏది ఊహో చెప్పడానికి ధైర్యం కావాలి, చాలామంది అదంతా 'అథెంటిక్' అనే ఒక్క మాట కింద తోసేస్తారు. పోటీకి ముందు కిట్ తనిఖీ చేసేవాళ్లు దీనికి ఆధారం ఏంటని అడిగినప్పుడు ఆ కాగితమే చూపించాను, రెండు నిమిషాల్లో పని అయిపోయింది.

కొలతల విషయానికొస్తే, టేపు కొలతలు తీసుకుని ఊరుకోలేదు. జాకెట్టు కుట్టించుకోవడానికి దర్జీకి ఆది ఇస్తాం చూడండి, అలా నా గాంబెసన్‌నే, అంటే కవచం కింద తొడుక్కునే దళసరి అంగీనే, ఆదిగా పంపమన్నారు. ఇది చాలామంది మర్చిపోయే సంగతి. కవచం మన ఒంటి మీద కూర్చోదు, ఆ అంగీ మీద కూర్చుంటుంది. ఒట్టి చొక్కా మీద తీసుకున్న కొలతకీ దానికీ ఛాతీ దగ్గరే అరచెయ్యి తేడా వస్తుంది. తర్వాత అట్టతో చేసిన నమూనా రేకులు పంపి, వాటిని టేపుతో ఒంటికి అంటించుకుని కత్తి తిప్పుతూ, కూర్చుంటూ, నేల మీది వస్తువు తీస్తూ వీడియో తీసి పంపమన్నారు. అది చూసి నడుము దగ్గరి రేకుని రెండు సెంటీమీటర్లు పైకి జరిపారు, కుడి చంక దగ్గర ఇంకొంచెం లోపలికి కోశారు. నాది కుడిచేతి వాటం, దెబ్బ వేసేటప్పుడు కుడి భుజం ఎక్కువ ముందుకొస్తుంది కాబట్టి రెండువైపులా ఒకేలా ఉండక్కర్లేదని చెప్పారు. నిజమే కదా అనిపించింది.

ఇక వస్తువు. బరువు ఏడున్నర కిలోలు. రేకులు 1.2 మిల్లీమీటర్ల మందం, గట్టిపరిచిన స్ప్రింగ్ స్టీల్. ఆ కాలంలో ఇలాంటి ఉక్కు లేదు, అప్పటి ఇనుములో చిట్టెం కలిసి ఉండేది, కార్బన్ కూడా ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండేది కాదు. అది తెలిసే నేను కొత్త ఉక్కు ఎంచుకున్నాను. రేకు తోలు లోపల ఉంటుంది కాబట్టి కంటికి తేడా తెలియదు, పైగా నేను ప్రతి వారం దెబ్బలు తింటూ ఏళ్ల తరబడి ఆడాలి. మామూలు మైల్డ్ స్టీల్ అయితే ఇదే రక్షణకి మందం పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది, సొట్టలు పడ్డప్పుడల్లా సుత్తి పట్టుకుని కూర్చోవాలి.

పెట్టె రాగానే నేను చేసిన మొదటి పని, ఒక పాత నూలు సాక్సు చేతికి తొడుక్కుని లోపలి రివెట్ల మీదుగా పైనుంచి కిందికి, మళ్లీ అడ్డంగా రాయడం. పాత సెట్‌లో రివెట్ చివర్లు గరుకుగా వదిలేస్తే నాలుగు నెలల్లో నా గాంబెసన్ పొట్ట దగ్గర జల్లెడైపోయింది, ఆ భయం. ఇందులో రెండు వందలకు పైగా రివెట్లున్నాయి. ఒక్కదానికీ ఒక్క పోగు తగులుకోలేదు. ప్రతి రివెట్ చివరా చిన్న చదరపు వాషర్ మీద గుండ్రంగా కొట్టి అణిచేశారు, వేలితో తడిమితే చింతగింజలా నున్నగా ఉంది. ఎవరికీ కనిపించని లోపలివైపు ఇంత శ్రద్ధ పెట్టారు చూడండి, అందుకే బయటి పని గురించి నేను వేరే చెప్పడం లేదు.

వేసుకోవడం మాత్రం ఒక్కరి వల్ల కాదు. బకిళ్లు వీపు మీద ఉంటాయి, పోంచోలా తల మీదుగా వేసుకున్నాక ఇంకొకరు వెనక నిలబడి బిగించాలి. మా టీములో ఒకతనికి ఇది అలవాటైపోయింది. "ఊపిరి బిగపట్టకు, మామూలుగా పీల్చు, లేకపోతే మూడో నిమిషంలో నువ్వే విప్పమంటావ్" అంటూ కింది బకిలుతో మొదలుపెడతాడు. ఆ వరసే సరైనది. ముందు నడుము దగ్గర బిగిస్తే బరువు తుంటి ఎముకల మీద కూర్చుంటుంది, పైవి వదులుగా ఉన్నా ఫర్వాలేదు. ముందు భుజాలు బిగిస్తే బరువంతా భుజాల మీదే వేలాడి, పోటీ అయ్యేసరికి చేతులు ఎత్తలేం.

చేతి తొడుగుల దగ్గరే వాళ్లకీ నాకూ కొంచెం చర్చ నడిచింది. నేనడిగిన హవర్‌గ్లాస్ రకం 14వ శతాబ్దం రెండో సగంలో బాగా వ్యాపించింది, 1376లో చనిపోయిన ఇంగ్లండ్ యువరాజు, బ్లాక్ ప్రిన్స్ అంటారే, ఆయన సమాధి దగ్గర కాంటర్‌బరీలో వేలాడదీసినవి ఆ రకానివే. గోట్‌లాండ్ రైతుసైనికుడి పక్కన అవి అతకవని, విస్బీలోనే దొరికిన చిన్న చిన్న రేకుల తోలు తొడుగులు మేలని వాళ్లన్నారు. చరిత్ర ప్రకారం ఒప్పుకున్నాను. కానీ వేళ్ల మీద అంత చిన్న రేకులు పెడితే మొద్దు కత్తి దెబ్బకి అవి వేలిలోకి దిగుతాయి. అప్పటివాళ్లు జీవితంలో ఒకటో రెండో యుద్ధాలు చూసి ఉంటారు, మనం ప్రతి శనివారం వేళ్లు పణంగా పెడుతున్నాం. చివరికి బయట విస్బీ రూపమే ఉంచి, వేళ్ల భాగంలో తోలు కింద పెద్ద రేకులు వచ్చేలా చేశారు. డ్రాయింగ్‌లో ఆ రేకుల్ని ఎరుపులోనే వేశారు, అదీ నాకు నచ్చింది. ఈ రాజీ సరైనదేనని నా అభిప్రాయం.

లోపాలు లేకపోలేదు. నాలుగు నెలలన్నది ఆరున్నర నెలలైంది, మధ్యలో ఒక నెలంతా నేను రాసిన మెసేజ్‌లకు ఉలుకూ పలుకూ లేదు, అప్పటికే అడ్వాన్స్ కట్టి ఉన్నాను కాబట్టి చాలా టెన్షన్ పడ్డాను. ఆలస్యమైతే అయిందని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. తోలుకి వేసిన ఎర్ర రంగు మొదటి రెండు వారాలు చెమటకి దిగి గాంబెసన్ మెడ దగ్గర మరక పట్టింది, ఆ మరక ఇప్పటికీ పోలేదు. ఇంకా పెద్దది, కుడి బొటనవేలి రేకు కురచగా వచ్చింది. రెండో ప్రాక్టీసులో కత్తి అక్కడే తగిలి గోరు నల్లబడి ఊడిపోయింది. ఫొటో పంపితే సాకులేం చెప్పలేదు, తొడుగు వెనక్కి తెప్పించుకుని బొటనవేలి భాగం మొత్తం కొత్తగా చేసి, రానూపోనూ ఖర్చు వాళ్లే పెట్టుకుని పంపారు. దానికి మళ్లీ మూడు వారాలు పట్టింది.

ఆర్డర్ ఇచ్చేవాళ్లకు ఇంకో మాట. ఈ కవచం మొండేన్ని మాత్రమే కాపాడుతుంది. విస్బీ ఎముకల మీద కత్తి గాయాలు ఎక్కువగా మోకాలి కింద, పిక్క ఎముకల మీదే కనిపించాయి. డాలూ కవచమూ పైభాగాన్ని కాస్తే శత్రువు కాళ్లకు గురిపెట్టాడన్నమాట. అలాగని కాళ్లకు దొరికిన బరువల్లా తగిలించడమూ తప్పే. 2011లో లీడ్స్ యూనివర్సిటీ పరిశోధకులు 15వ శతాబ్దపు నమూనా కవచాలు తొడిగిన మనుషుల్ని ట్రెడ్‌మిల్ మీద నడిపించి, పరిగెత్తించి కొలిస్తే, ఒంటికి ఖర్చయ్యే శక్తి దాదాపు రెట్టింపైందని తేలింది. అందులో కాళ్లమీది బరువు పాత్ర ఎక్కువ, ఎందుకంటే అడుగు వేసిన ప్రతిసారీ ఆ బరువుని ఊపి ముందుకు తేవాలి. వీపున ఉన్న కిలో, పిక్క మీద ఉన్న కిలో ఒకటి కావు. అందుకే మొండేనికి ఏడున్నర కిలోలైనా నాకు భారం అనిపించడం లేదు, కాళ్ల దగ్గర మాత్రం వంద గ్రాములకు కూడా బేరమాడుతున్నాను.

కాలి కవచం కూడా వీళ్ల దగ్గరే మొదలుపెట్టాను. పోయిన వారం దళసరి కాలితొడుగులు ఆదిగా పంపాను, ఈసారి గడువు నెలల్లో కాకుండా తారీఖు వేసి రాసిమ్మని అడిగాను, రాసిచ్చారు. మోకాలు పూర్తిగా మడిచి కూర్చున్న వీడియో ఇంకొకటి కావాలన్నారు, ఈ శనివారం తీసి పంపాలి.