ఇంజిన్ లైటు వచ్చి పోతోందా? షోరూమా, షెడ్డా, సొంత స్కానరా: ఏది మేలు?

మా బావ పెట్రోలు కారు కొని అప్పటికి ఏడు నెలలు. ఒక సోమవారం పొద్దున మీటర్‌లో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది. గురువారానికి దానంతట అదే పోయింది. శుక్రవారం సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే అక్కడి అడ్వైజర్ మీటర్ వంక ఓసారి చూసి, “ఇప్పుడు లైట్ లేదు కదా సార్, మళ్లీ వస్తే తీసుకురండి” అని పంపించేశాడు. పది రోజుల తర్వాత మళ్లీ వచ్చింది, అదీ ఆదివారం, షోరూం మూసి ఉన్న రోజు.

బావ నలుగురికి ఫోన్ చేశాడు, నాలుగు సలహాలు వచ్చాయి. షోరూంనే గట్టిగా నిలదీయమని ఒకరు. తెలిసిన మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లమని ఒకరు. బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాన్ని చదివే చిన్న స్కానర్ కొనుక్కుని నువ్వే చూసుకో అని నేను. బ్యాటరీ టెర్మినల్ పది నిమిషాలు ఊడదీసి పెడితే లైటు పోతుందని మా చిన్నాన్న.

ఏది మేలో తేల్చే ముందు ఒక మాట. లైటు నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగా నడుస్తుంటే కంగారు పడక్కర్లేదు. మెల్లగా వెళ్తూ ఒకటి రెండు రోజుల్లో చూపించుకోవచ్చు. అదే లైటు మిణుకు మిణుకుమంటుంటే మాత్రం వేరే కథ. సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకుండా సైలెన్సర్ వైపు పోతోందని అర్థం. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ అక్కడ ఉంటుంది. ఆ పెట్రోలు దాంట్లో మండితే ఆ వేడికి అది పాడైపోతుంది. వేగం తగ్గించి, వీలైనంత త్వరగా పక్కకు ఆపాలి. ఆయిల్ బొమ్మ గానీ టెంపరేచర్ బొమ్మ గానీ ఎర్రగా వెలిగితే ఇంజిన్ ఆపేసి ఫోన్ చేయడమే, ఇక ఏ సలహా అక్కర్లేదు.

ఇప్పుడు అడ్వైజర్ మాట దగ్గరికి వద్దాం. లైటు లేదు కాబట్టి లోపం లేదు అన్నది తప్పు. చాలా రకాల లోపాలకు ఇంజిన్ కంప్యూటర్ మొదటిసారి లైటు వెయ్యదు, లోపల రాసిపెట్టుకుని ఊరుకుంటుంది. తర్వాతి ప్రయాణంలోనూ అదే కనిపిస్తే అప్పుడు వేస్తుంది. ఆ తర్వాత సాధారణంగా వరసగా మూడు ప్రయాణాల్లో లోపం కనిపించకపోతే లైటు ఆర్పేస్తుంది. కానీ ఏ లోపమో చెప్పే గుర్తు, అంటే కోడ్, మాత్రం కంప్యూటర్ జ్ఞాపకంలోనే ఉంటుంది. ఇంజిన్ చల్లారి మళ్లీ వేడెక్కడం నలభై సార్లు జరిగితే గానీ అది చెరిగిపోదు. అంటే ఆ శుక్రవారం లైటు ఆరిపోయి ఉన్నా, స్కానర్ పెట్టి ఉంటే కోడ్ దొరికేది. పెట్టలేదు, అంతే. వచ్చి పోయే లైటు విషయంలో అసలు పోటీ రిపేరు ఎవరు బాగా చేస్తారన్నది కాదు. ఆ కోడ్ చెరగకముందు ఎవరు పట్టుకుంటారన్నది.

ఈ లెక్కన చిన్నాన్న సలహా అన్నిటికన్నా చెడ్డది. బ్యాటరీ తీస్తే చాలా బండ్లలో లైటూ పోతుంది, కోడూ పోతుంది, కోడ్‌తో పాటు దాచిన వివరాలూ పోతాయి. లోపం అక్కడే ఉంటుంది. వారం పది రోజుల్లో మళ్లీ తేలుతుంది, మనం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

షెడ్డు సంగతి అలా తీసిపారేయలేం. మా ఊళ్లలో మంచి మెకానిక్‌ల దగ్గర ఇప్పుడు అన్ని కంపెనీలకూ పనికొచ్చే స్కానర్లు ఉన్నాయి. కొన్ని వందలు తీసుకుని అప్పటికప్పుడు చూసి చెబుతారు. పైగా బానెట్ ఎత్తగానే వాళ్ల చూపు వైర్ల మీదికి పోతుంది. కొత్త బండిలో లైటు వచ్చి పోతోందంటే, సెల్లార్‌లో ఎలుక వైరు కొరికి ఉండొచ్చని ముందుగా అనుమానించేది వీళ్లే. ఎలుక కొరికినదానికి వారంటీ రాదు కాబట్టి ఆ చూపు విలువైనదే. చిక్కు ఎక్కడంటే, చాలామందికి కోడ్ చూడగానే కొట్టేసే అలవాటు. “ఎరేజ్ చేసేశా సార్, ఇక రాదు” అంటారు. లేదా ఒక కనెక్టర్ ఊడదీసి, వైరు కత్తిరించి టేపు చుడతారు. రేపు షోరూంలో ఆ టేపు చూపించి వారంటీ ఇవ్వమంటే మన దగ్గర జవాబు ఉండదు. కాబట్టి వారంటీ ఉన్నన్నాళ్లూ షెడ్డులో చూపించుకోవచ్చు గానీ చెయ్యి పెట్టనివ్వకూడదు. వారంటీ అయ్యాక నేను వెళ్లేది షెడ్డు మెకానిక్ దగ్గరికే.

ఇక స్కానర్. స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దాన్నే ఓబీడీ పోర్టు అంటారు. ఓబీడీ అంటే బండి తన లోపాలను తానే కనిపెట్టి రాసుకునే ఏర్పాటు, ఇప్పుడు వాడే దాని రెండో తరమే ఓబీడీ-2. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరి అయింది. మన దగ్గర 2013 నుంచి కొత్త కార్లకు ఓబీడీ-2 ఉండాలి. అందులో పెట్టే బ్లూటూత్ ముక్క ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయల నుంచే దొరుకుతుంది. ఫోన్‌లో యాప్ వేసుకుంటే చాలు. ఐఫోన్ వాళ్లు మాత్రం తమ ఫోన్‌కు పని చేసే రకమో కాదో చూసి కొనాలి, అన్నీ పని చేయవు.

దీని గొప్పదనం కోడ్ చెప్పడం కాదు. కోడ్ పడిన క్షణంలో బండి ఏ స్థితిలో ఉందో కూడా చూపిస్తుంది, దీన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. బావ బండిలో ఆ ఆదివారం కనిపించిన కోడ్ పి0302, అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, పెట్రోలు సరిగా మండకపోవడం. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) 31 డిగ్రీలు, వేగం గంటకు 12 కిలోమీటర్లు. అంటే రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్ట్ చేసి వీధి మలుపు తిరగకముందే పడింది. ఇరవై కిలోమీటర్లు నడిపి వేడి వేడిగా షోరూంకి తీసుకెళ్తే అక్కడ ఎన్ని రౌండ్లు కొట్టినా ఏమీ కనిపించకపోవడం వింతేమీ కాదు.

అయితే స్కానర్‌తో రెండు ప్రమాదాలున్నాయి. యాప్‌లో ‘చదువు’ బటన్ పక్కనే ‘చెరుపు’ బటన్ ఉంటుంది. స్క్రీన్‌షాట్ తీసుకుని ఊరుకోండి, రెండోది ముట్టుకోవద్దు. రెండో ప్రమాదం, కోడ్ పేరు చూసి పార్టు కొనేయడం. పి0171 వస్తే గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది అని మాత్రమే అర్థం. ఎక్కడో గొట్టం వదులై ఉండొచ్చు, సెన్సర్‌కి దుమ్ము పట్టి ఉండొచ్చు. ఆక్సిజన్ సెన్సర్ తప్పని అది ఎక్కడా చెప్పలేదు, అయినా అందరూ ముందు దాన్నే మారుస్తారు. ఇంకోటి, చూడటం అయ్యాక ముక్క తీసేయండి. పెట్టి వదిలేస్తే నిలిచి ఉన్న బండి బ్యాటరీ తాగుతుంది.

అన్నీ అయ్యాక, వారంటీ ఉన్నన్నాళ్లూ రిపేరు మాత్రం సర్వీస్ సెంటర్‌లోనే. కంపెనీ స్కానర్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, ఉచితంగా కొత్త పార్టు, ఈ మూడూ ఇంకెక్కడా ఒకచోట దొరకవు. కానీ వాళ్ల దగ్గరికి వెళ్లే తీరు ఉంది. మన ఫిర్యాదు రాసుకునే కాగితంలో, అంటే జాబ్ కార్డులో, ‘ఇంజిన్ లైట్ చెక్’ అని రాయిస్తే కోడ్ తుడిచి పంపుతారు. బావ ఈసారి “పొద్దున చల్లటి స్టార్ట్‌లో, ఐదు నిమిషాల లోపు, రెండో సిలిండర్ మిస్‌ఫైర్ కోడ్” అని రాయించాడు. లైటు వెలిగినప్పుడు తీసిన వీడియో, స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపాడు. బండి రాత్రికి అక్కడే వదిలి, పొద్దున వాళ్లనే స్టార్ట్ చేయమన్నాడు. టెక్నీషియన్ రెండో సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్ ప్లగ్‌కి కరెంటు ఇచ్చేది) తీసి మూడో దానికి, మూడోది రెండో దానికి మార్చి పెట్టాడు. మర్నాడు కోడ్ పి0303 అయింది. లోపం కాయిల్‌తో పాటు నడిచి వెళ్లింది కదా, ఇక వాదన ఏముంది.

జాబ్ కార్డు కాపీ మాత్రం ప్రతిసారీ తీసుకోండి, ‘లోపం కనిపించలేదు’ అని రాసినా సరే. ఆ కాగితాలే రేపు మీ ఆధారం. అదే లోపం మూడు నాలుగు సార్లు వచ్చి షోరూం చేతులెత్తేస్తే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, చెప్పుకోవచ్చు. పెట్రోలు కొట్టించిన వెంటనే మొదలైతే బంకు బిల్లు కూడా దాచండి, వానాకాలంలో నీళ్లు కలిసిన పెట్రోలు కూడా ఇలాగే ఆడిస్తుంది.

ఒక్కటే ఎంచుకోమంటే నేను షోరూం అంటాను. రెండింటికి అవకాశం ఉంటే స్కానర్, ఆపైన షోరూం. డీజిల్ బండి వాళ్లకు ఒక చిన్న మినహాయింపు. వచ్చింది ఇంజిన్ బొమ్మ కాకుండా డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) బొమ్మ అయితే ముందు మాన్యువల్ తెరవండి. ఊళ్లో రోజూ మూడు కిలోమీటర్లే తిరిగే బండికి మసి పేరుకోవడం మామూలే. ఔటర్ రింగ్ రోడ్డు మీద మాన్యువల్ చెప్పినంతసేపు ఒకే వేగంతో నడిపితే చాలాసార్లు అదే పోతుంది.

బావకి కాయిల్ ఉచితంగా మార్చారు. బిల్లు సున్నా. స్కానర్ మాత్రం ఇప్పుడు ఆయన దగ్గర లేదు. పక్కింటాయన ఒక్క రోజుకని అడిగి తీసుకెళ్లి నెల దాటింది.