ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్: సంస్కృతమా, తెలుగా?

పదో తరగతి ఫలితాలు రాగానే విశాఖలో తల్లిదండ్రులు పదే పదే అడిగే ప్రశ్న ఇది. గ్రూపు ఎంపీసీయా, బైపీసీయా అన్నది ఇంట్లో ఎప్పుడో తేల్చేసుకుంటారు. సెకండ్ లాంగ్వేజ్ మాత్రం అడ్మిషన్ కౌంటర్ దగ్గర అర నిమిషంలో తేలిపోతుంది. మనం నోరు తెరిచి చెప్పకపోతే చాలా చోట్ల ఆ గడిలో సంస్కృతమే పడుతుంది. పదేళ్లు తెలుగు చదివిన పిల్లలు తెలుగు వదిలేసేది అక్కడే.

సంస్కృతం వైపు వాదన ఒక్కటే: మార్కులు. సిలబస్ చిన్నది, ప్రశ్నలు ఊహించగలిగేవి, పెద్ద జవాబులు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయొచ్చు. శ్రద్ధగా చదివితే 95 దాటుతాయి, నిజమే. అయితే ఆ మార్కులు ఎక్కడ అక్కరకొస్తాయో చూడాలి. నా దృష్టిలో తేల్చాల్సింది అదే.

ఇంజినీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ సీట్లకు రాసే ఏపీ ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ వెయిటేజీ 25 శాతం. అందులో లెక్కించేది గ్రూపు సబ్జెక్టుల మార్కులే, భాషల మార్కులు కలపరు. నీట్‌లో ర్యాంకుకు నీట్ స్కోరే ఆధారం. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లకు ఇంటర్‌లో 75 శాతం ఉండాలన్న నిబంధన దగ్గర మాత్రం భాష లెక్కలోకి వస్తుంది, అదీ అయిదు సబ్జెక్టుల్లో ఒకటిగా. తెలుగులో 80, సంస్కృతంలో 97 వస్తాయనుకున్నా 500కు తేడా 17 మార్కులు, అంటే 3.4 శాతం. జేఈఈలో ఎన్‌ఐటీ ర్యాంకు తెచ్చుకునే పిల్లలకు ఇంటర్‌లో సాధారణంగా 75 కంటే బాగా ఎక్కువే వస్తుంది. ఇక మిగిలేది రెండేళ్లకూ కలిపి వెయ్యికి ఎన్ని వచ్చాయన్న మాట. దానికోసం ఒక భాషను వదులుకోవడం నాకు సబబుగా తోచదు.

సంస్కృతంలో చిక్కులు పరీక్షల ముందు, ఫిబ్రవరిలో బయటపడతాయి. శబ్దరూపాలు, శ్లోకపూరణ సంస్కృతంలోనే రాయాలి. అర్థం తెలియకుండా గైడు చూసి బట్టీ పట్టినవాళ్లు విసర్గ వదిలేస్తారు, హలంతం మింగేస్తారు, విభక్తులు తారుమారు చేస్తారు. స్కూల్లో కాంపోజిట్ కోర్సులో, అంటే తెలుగుతో కలిపి ఒకే సబ్జెక్టుగా, సంస్కృతం చదివినవాళ్లకు, ఆ భాషంటే ఇష్టమున్నవాళ్లకు ఈ బెడద లేదు. వాళ్లు నిశ్చింతగా తీసుకోవచ్చు. స్టీల్‌ప్లాంట్, నేవీ ఉద్యోగాల వల్ల ఊళ్లు మారి తెలుగు రాయడం రాని పిల్లలకూ అదే దారి. ఇంట్లో హిందీ ఉంటే హిందీ పెట్టండి, అందులో ఆలోచించాల్సిందేమీ లేదు.

తెలుగులో మార్కులు రావన్నది సగం నిజం. పోయేచోట్లు తెలిస్తే ఆపుకోవచ్చు. పద్యానికి తాత్పర్యం రాసి ప్రతిపదార్థం ఎగ్గొట్టడం మొదటిది. సందర్భసహిత వ్యాఖ్యలో కవి పేరు, పాఠం పేరు, ఎవరు ఎవరితో అన్నారో రాయకుండా నేరుగా అర్థంలోకి దూకడం రెండోది. ఒత్తులు, దీర్ఘాలు తప్పులు పోవడం అన్నిటికంటే ఎక్కువ నష్టం. దానికి మందు రోజూ ఒక పేజీ చూసి రాయడమే. ఛందస్సు మాత్రం లెక్కల్లాంటిది, సరిగా రాస్తే పూర్తి మార్కులు. ఉత్పలమాలకు భ-ర-న-భ-భ-ర-వ, యతి పదో అక్షరం. చంపకమాలకు న-జ-భ-జ-జ-జ-ర, యతి పదకొండో అక్షరం. గురులఘువులు గుర్తించడం వస్తే చాలు. సంధులు, సమాసాలు పదో తరగతిలో చదివినవే చాలావరకు తిరిగొస్తాయి.

తర్వాత డీఎస్సీ రాసి టీచర్ ఉద్యోగం వైపు వెళ్లేవాళ్లకు అర్హత పరీక్ష టెట్‌లో 150కి 30 మార్కులు తెలుగువే. ఏపీపీఎస్సీ గ్రూప్-1 మెయిన్స్‌లో తెలుగు అర్హత పేపరు ఉంది. ఇంటర్‌లో వదిలేసినవాళ్లు అప్పుడు మళ్లీ మొదటినుంచి పట్టుకోవాలి.

2025-26 నుంచి భాషకు బదులు మరో సబ్జెక్టును ఎలక్టివ్‌గా తీసుకునే వీలూ వచ్చింది, ఉదాహరణకు ఎంపీసీతో పాటు జీవశాస్త్రం. ఇంజినీరింగా, మెడిసినా అని నిజంగా ఎటూ తేలనివాళ్లకే అది. ప్రాక్టికల్స్ భారం పెరుగుతుంది.

ఏది ఎంచుకున్నా అడ్మిషన్ ఫారం మీద సెకండ్ లాంగ్వేజ్ గడి మీరే నింపండి. ఏదైనా మార్పు ఉంటే పరీక్ష ఫీజు కట్టేలోపే ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, ఫీజు దరఖాస్తులో ఏ భాష పడిందో కళ్లారా చూసుకోండి. హాల్‌టికెట్ మీద వచ్చేది అదే.