జాగ్రత్త: డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ కొనేముందు కర్వ్ ఎడిటింగ్ చూసుకోండి

లోగోలు, స్టిక్కర్లు, లేజర్ కటింగ్ డిజైన్లు చేసేవాళ్లు కొత్త వెక్టర్ సాఫ్ట్‌వేర్ (బొమ్మను చుక్కలుగా కాక గీతలు, వంపులుగా దాచేది) కొనబోతుంటే దయచేసి ఇది చదివి కొనండి. నేను కొన్నది గీయడానికి బాగానే ఉంది. గీసిన వంపును సరిదిద్దబోతేనే దాని అసలు రంగు బయటపడింది. ఇలాంటి లోపాలు వేరే వాటిలోనూ ఉండొచ్చు కాబట్టి కంపెనీ పేరు కన్నా ఏం చూసుకోవాలో చెప్పడమే మేలు.

ముందు నోడ్ల సంగతి. నోడ్ అంటే వంపులో ముక్కలు కలిసే బిందువు; దాని నుంచి బయటికి వచ్చి, లాగితే వంపును మార్చే పిడి హ్యాండిల్. ఒక ఆకు బొమ్మలో అనవసరమైన నోడ్ డిలీట్ చేస్తే, పక్క నోడ్ల హ్యాండిళ్లు సర్దుకుని పాత వంపును వీలైనంత వరకు నిలబెట్టాలి. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లోనే ఇది జరుగుతుంది. డబ్బు పెట్టి కొన్న దీంట్లో మాత్రం వంపు అణిగిపోయింది. స్మూత్ అని పెట్టిన నోడ్‌కు ఒక హ్యాండిల్ తిప్పితే రెండోది కూడా దానితో పాటు తిరిగి, రెండూ ఒకే గీతలో ఉండాలి. ఇక్కడ రెండోది కదలనే లేదు, ఆ చోట చిన్న మూల పడింది. స్క్రీన్ మీద అంతగా తెలియదు గానీ పెద్ద ప్రింట్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇదైనా భరించేవాణ్ణేమో. ఎక్స్‌పోర్ట్ చూశాక ఓపిక పోయింది. మనం పెన్ టూల్‌తో గీసే బెజియర్ వంపులో ఒక్కో ముక్కకు కావాల్సింది నాలుగు బిందువులే: రెండు చివరలు, రెండు హ్యాండిళ్లు. అలాంటి 4 ముక్కలు కలిపితే వచ్చే వృత్తానికీ అసలు వృత్తానికీ తేడా వ్యాసార్థంలో 0.03 శాతం కూడా ఉండదు. ఎస్‌వీజీ ఫైల్ (వెక్టర్ బొమ్మలు దాచే ఫైల్ రకం) ఈ వంపుల్ని ఉన్నవున్నట్టు దాచగలదు. ఈ సాఫ్ట్‌వేర్ మాత్రం ప్రతి వంపునూ చిన్న చిన్న తిన్నని గీతలుగా నరికి సేవ్ చేస్తోంది. మళ్లీ తెరిస్తే బొమ్మ నిండా నోడ్లే, ఏది పట్టుకుని సరిచేయాలి? కటింగ్ మెషిన్‌కు పంపితే అంచు నున్నగా కాకుండా పలకలు పలకలుగా తెగింది. క్లయింట్ పని మళ్లీ మొదటి నుంచి గీయాల్సి వచ్చింది.

ట్రయల్ వెర్షన్‌లో సేవ్, ఎక్స్‌పోర్ట్ రెండూ లాక్ చేసి ఉంచారు. ఈ లోపం డబ్బు కట్టాకే కనబడుతుంది. లైసెన్స్ కీ వాడాక రీఫండ్ లేదన్నారు. కొనేవాళ్లను ఇలా కట్టిపడేయడం అన్యాయం.

ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. ఆఫ్‌సెట్ చేసినప్పుడు, అంటే ఒక వంపుకు సమాన దూరంలో ఇంకో వంపు గీయించినప్పుడు, నోడ్లు పెరగడం ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఉండేదే. బెజియర్ వంపుకు సమాన దూరంలో గీసిన వంపు సాధారణంగా బెజియర్ కాదు, దగ్గరగా సరిపెట్టాలంటే అదనపు ముక్కలు తప్పవు. దాన్ని లోపం అనుకోవద్దు.

పరీక్ష సులువే. పెన్ టూల్‌తో ఒక వంపు గీసి ఎస్‌వీజీగా సేవ్ చేసి, ఆ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పాత్ వివరాల్లో (గీత ఆకారాన్ని చెప్పే d= తర్వాతి భాగంలో) సి, క్యూ లేదా ఏ అనే ఇంగ్లిష్ అక్షరాలు ఉంటే వంపులు బతికున్నట్టే. అవేవీ లేకుండా ఎల్‌లు, అంకెలే వరసగా ఉంటే అన్నీ తిన్నని గీతలే. ట్రయల్‌లో సేవ్ లేకపోతే, వాళ్లు ఎక్స్‌పోర్ట్ చేసిన శాంపిల్ ఫైల్ ఒకటి పంపమని సపోర్ట్‌ను అడగండి. పంపకపోతే డబ్బు కట్టకండి.