ఖాళీ మడులకు చలికాలంలో ఏది మేలు: తవ్వి వదలడమా, ఆకులు కప్పడమా, పచ్చిరొట్ట చల్లడమా?

పంట ముగిసిన మడులను చలికాలమంతా ఎలా ఉంచాలన్నది తోటపని క్లబ్బుల్లో ఏటా చర్చకు వచ్చే విషయం. మట్టిని తిరగదవ్వి వదిలేయడం, ఎండుటాకులతో కప్పడం, కోసి మట్టిలో కలపడానికే పెంచే పచ్చిరొట్ట పైరు చల్లడం అనే మూడు పద్ధతులకూ గట్టిగా వాదించే సభ్యులుంటారు. తోటంతటికీ ఒకే పద్ధతిని ఎంచుకోవాలనుకోవడం వల్లనే ఈ చర్చ తెగదని నా అభిప్రాయం. వచ్చే కాలంలో ఏ మడిలో మొదట ఏ పంట వేస్తామో ముందుగా తేల్చుకుంటే, ఆ మడికి ఏ పద్ధతి తగినదో చాలావరకు స్పష్టమవుతుంది. అందుచేత చలికాలపు పనుల్లో మొదటిది పార పట్టడం కాదు, మడుల పటం ముందు వేసుకుని కూర్చోవడం.

తవ్వి వదలడానికి బలమైన కారణం ఒక్కటే ఉంది. నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది కనుక, పెళ్లల్లోకి ఇంకిన నీరు రాత్రి గడ్డకట్టి పగలు కరుగుతూ ఉంటే, బరువైన బంకమట్టి వసంతానికి దానంతటదే విచ్చిపోయి పొడిపొడిగా తయారవుతుంది. అయితే మట్టి గడ్డకట్టేంత చలి లేని ప్రాంతాల్లో ఈ లాభం దక్కదు, ఇసుక నేలలకు దీని అవసరమే ఉండదు. నష్టాలు మాత్రం అన్ని చోట్లా ఉంటాయి. కప్పు లేని నేలలో చినుకుల తాకిడికి పైపొర అట్టకడుతుంది, పంట వాడుకోగా మిగిలిన నైట్రేటు, అంటే నీటిలో కరిగే నత్రజని పోషకం, వాన నీటితో పాటు వేళ్లకు అందనంత లోతుకు దిగిపోతుంది, వానపాముల బొరియలు తెగిపోతాయి. బంకమట్టిని తడిగా ఉన్నప్పుడు తవ్వితే అణిగిపోయి మరింత గట్టిపడుతుంది కూడా. కాబట్టి గట్టి బంకమట్టి, గట్టి చలి రెండూ ఉన్న మడులకే దీన్ని పరిమితం చేయాలని నేను కోరతాను.

ఆకులు కప్పడం అన్నిటికంటే సులువైన పని. 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరిస్తే నేల వాన దెబ్బ నుంచి తప్పించుకుంటుంది, తేమ నిలుస్తుంది, కలుపు గింజలకు వెలుతురు అందదు, వానపాములు ఆ ఆకులను కొద్దికొద్దిగా లోపలికి లాగుకుని మట్టిలో కలుపుతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎండుటాకుల్లో నత్రజనితో పోలిస్తే కర్బనం చాలా ఎక్కువ. వాటిని పైన పరిచి ఉంచినంతవరకు ఇబ్బంది లేదు గాని, మట్టిలో కలిపి తవ్వితే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తాము వాడుకుంటాయి, తర్వాత వేసిన మొక్కలు పాలిపోతాయి. తెగులు సోకిన మొక్కల ఆకులను కప్పడానికి వాడకూడదు. కప్పు కింద నత్తలు తలదాచుకుంటాయన్నది నిజమే. కప్పిన నేల వసంతంలో ఆలస్యంగా వేడెక్కుతుందన్నదీ నిజమే. అందుకే విత్తడానికి రెండు మూడు వారాల ముందే ఆకులను పక్కకు లాగి మట్టికి ఎండ తగలనివ్వాలి.

నేలకు నిజంగా బలం చేకూర్చేది మాత్రం పచ్చిరొట్టే. క్లోవర్, వెచ్ వంటి చిక్కుడు జాతి పైర్ల వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది. రై వంటి గడ్డిజాతి పైరు, నేలలో మిగిలిన నైట్రేటు కొట్టుకుపోకముందే వేళ్లతో పట్టి నిలుపుతుంది. సజీవమైన వేళ్లు మట్టిని గుల్లగా ఉంచే తీరు ఏ కప్పుకూ సాధ్యం కాదు. కాని ఈ పద్ధతి కాలనియమాన్ని కచ్చితంగా కోరుతుంది. నేల ఇంకా వెచ్చగా ఉండగానే, తీవ్రమైన చలికి కొన్ని వారాల ముందే విత్తనం చల్లాలి. ఆలస్యమైతే మొలకలు నేలను కప్పేంతగా ఎదగవు. వసంతంలో పూత బాగా రాకముందే కోయాలి; కాడలు ముదిరితే కుళ్లడానికి చాలాకాలం పడుతుంది, గింజ కడితే అదే కలుపు అవుతుంది. కోసి మట్టిలో కలిపాక రెండు నుంచి నాలుగు వారాలు ఆగి గాని పంట వేయకూడదు. రై కుళ్లేటప్పుడు విడుదలయ్యే పదార్థాలు చిన్న గింజల మొలకను అణచివేస్తాయి కనుక, క్యారెట్, పాలకూర వంటివి విత్తదలచిన మడిలో దాన్ని వేయకపోవడమే మంచిది. ఆవాలను కూడా చాలామంది పచ్చిరొట్టగా చల్లుతారు గాని, అది క్యాబేజీ కుటుంబానిదే. ఆ కుటుంబపు వేళ్లను ఉబ్బించే తెగులు నేలలో ఉంటే, ఆవాలు దాన్ని తర్వాతి క్యాబేజీకి అందిస్తాయి.

ఇలా చూస్తే పంపకం తేలికవుతుంది. ఆలస్యంగా నారు నాటే టమాటా, గుమ్మడి మడులకు, నత్రజని బాగా కావలసిన క్యాబేజీ మడులకు చిక్కుడు జాతి పచ్చిరొట్ట మేలు, ఎందుకంటే కోతకూ కుళ్లడానికీ అక్కడ వ్యవధి ఉంటుంది. ముందుగా నేరుగా విత్తే క్యారెట్, బఠాణీ మడులకు ఆకుల కప్పే తగినది.

క్లబ్బు విషయంలో మరొకటి చూడాలి. సొంత తోటలో పైరు ముదురుతుంటే యజమాని కళ్లబడుతుంది; ఉమ్మడి మడిలో ప్రతి ఒక్కరూ ఇంకొకరు కోస్తారనుకుంటారు. కోసే మనిషి ఖాయం కాని మడిలో పచ్చిరొట్ట చల్లడం కంటే ఆకులు కప్పడమే క్షేమం. కొద్దిపాటి నిర్లక్ష్యాన్ని కప్పు తట్టుకుంటుంది, ముదిరిన పైరు తట్టుకోదు. అందువల్ల పటంలో పచ్చిరొట్ట అని రాసిన ప్రతి మడి పక్కన నాటే వారాన్ని ముందు వేసి, అక్కడి నుంచి నాలుగు వారాలు వెనక్కు లెక్కించి కోత వారాన్ని, బాధ్యత తీసుకున్న ఇద్దరు సభ్యుల పేర్లను రాయాలి. ఆ ఇద్దరూ దొరకని మడికి ఆకులు పోగు చేయడం వెంటనే మొదలుపెట్టవచ్చు.