స్పర్శరేఖ సమీకరణం: అవకలనం మేలా, విచక్షణి మేలా?

విజయనగరంలో సాయంత్రం ట్యూషన్లకు వచ్చే ఇంటర్ పిల్లలు ఏటా అడిగే ప్రశ్నే ఇది. స్పర్శరేఖ రాబట్టడానికి అవకలనం, అంటే డెరివేటివ్ తీసి వాలు కనుక్కోవడం, ఒక దారి. సరళరేఖను వక్రంలో ప్రతిక్షేపించి, వచ్చిన వర్గ సమీకరణానికి విచక్షణిని (బీ² − 4ఏసీని) సున్నా చేయడం, అంటే రెండు మూలాలూ ఒకటయ్యేలా చూడటం, ఇంకో దారి. ఏ దారి పట్టాలన్నది లెక్కలో ఏమిచ్చారో చూశాకే తేల్చాలంటాను.

బిందువు వక్రం మీదే ఉంటే అవకలనానికి సాటి లేదు. వై = ఎక్స్² − 3ఎక్స్ + 2 వక్రానికి (3, 2) వద్ద స్పర్శరేఖ కావాలనుకోండి. డీవై బై డీఎక్స్ 2ఎక్స్ − 3. ఎక్స్ = 3 వేస్తే వాలు 3. వై − 2 = 3(ఎక్స్ − 3), అంటే వై = 3ఎక్స్ − 7. అయిపోయింది. విచక్షణితో వెళ్తే వాలును ఎమ్ అనుకుని, (ఎమ్ + 3)² − 12ఎమ్ = 0 రాసి, దాన్ని (ఎమ్ − 3)² = 0గా సర్దాకే ఆ 3 వస్తుంది. జవాబు ఒకటే, చాకిరీ ఎక్కువ.

బిందువు వక్రానికి బయట ఉంటే కథ మారుతుంది. వై = ఎక్స్² వక్రానికి (1, −3) నుంచి స్పర్శరేఖలు గీయాలి. చాలామంది పిల్లలు ఇక్కడే జారుతారు. "డెరివేటివ్‌లో ఒకటి వేసీసేను మాస్టారూ, వాలు రెండు వచ్చింది, మరి తప్పేటి?" అంటారు. తప్పు ఇదీ: ఆ ఒకటి ఇచ్చిన బిందువుది, స్పర్శబిందువుది కాదు. వాళ్లకొచ్చిన రేఖ వై = 2ఎక్స్ − 5. దాన్ని వక్రంలో వేయిస్తాను: ఎక్స్² − 2ఎక్స్ + 5 = 0, విచక్షణి −16. తాకడం మాట అటుంచి, ఆ రేఖ వక్రాన్ని ఎక్కడా కలవనే కలవదు. అది వాళ్ల చేత్తోనే తేలాక ఇక మరిచిపోరు.

ఇలాంటి చోట విచక్షణే హాయి. వై = ఎమ్(ఎక్స్ − 1) − 3 తీసుకుంటే ఎక్స్² − ఎమ్ఎక్స్ + ఎమ్ + 3 = 0. సమాన మూలాలు రావాలంటే ఎమ్² − 4ఎమ్ − 12 = 0, కాబట్టి ఎమ్ 6 గానీ −2 గానీ. రేఖలు వై = 6ఎక్స్ − 9, వై = −2ఎక్స్ − 1. అవకలనంతోనూ వస్తాయి, కాకపోతే స్పర్శబిందువును (టీ, టీ²) అనుకుని ముందు టీ కనుక్కోవాలి.

వృత్తం మీది బిందువైతే ఈ రెండూ అక్కర్లేదు, ఎస్ వన్ సూత్రం చాలు: ఎక్స్², వై²లలో ఒక్కో ఎక్స్, వై బదులు ఆ బిందువు నిరూపకాలు వేయడమే. ఎక్స్² + వై² = 25కి (3, 4) వద్ద 3ఎక్స్ + 4వై = 25 అని నేరుగా రాసేయొచ్చు. (5, 0) వద్ద అవకలజం −ఎక్స్/వైలో హారం సున్నా అవుతుంది, ఎస్ వన్ మాత్రం తడబడకుండా ఎక్స్ = 5 ఇస్తుంది. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయాల్సినవాడికి ఆ ఒక్క వరసా పెద్ద ఊరట.

సమాన మూలాల ఆలోచన పాతది. దెకార్త్ 1637లోనే దాంతో వక్రాలకు అభిలంబరేఖలు (స్పర్శరేఖకు లంబంగా ఉండే రేఖలు) రాబట్టాడు. లైబ్నిజ్ అవకలన నియమాలు అచ్చయింది 1684లో. అయితే ఇంటర్‌లో నేర్పే విచక్షణి వర్గ సమీకరణానికే పనికొస్తుంది. వై = ఎక్స్³ కి (1, 1) వద్ద స్పర్శరేఖ వై = 3ఎక్స్ − 2. రెండింటినీ కలిపితే (ఎక్స్ − 1)²(ఎక్స్ + 2) = 0. అంటే (1, 1) దగ్గర తాకిన రేఖే (−2, −8) దగ్గర వక్రాన్ని మళ్లీ కలుస్తోంది. "స్పర్శరేఖ వక్రాన్ని ఒక్కచోటే కలుస్తుంది" అని పదో తరగతి వృత్తాల పాఠం నుంచి మోసుకొచ్చిన నమ్మకాన్ని ఇక్కడ వదిలించాలి. నేనైతే బోర్డు మీద బొమ్మ గీయకుండా ఈ లెక్క చెప్పను.

ఇక వై = ఈ పవర్ ఎక్స్ లాంటి వక్రానికి మూలబిందువు నుంచి స్పర్శరేఖ అడిగితే, బిందువు బయటే ఉన్నా విచక్షణికి పనే లేదు, అక్కడ వర్గ సమీకరణమే పుట్టదు. స్పర్శబిందువు వద్ద ఎక్స్ విలువ టీ అనుకోండి. వాలు ఈ పవర్ టీ. రేఖ మూలబిందువు గుండా పోవాలంటే ఈ పవర్ టీ = టీ × ఈ పవర్ టీ, అంటే టీ = 1 కావాలి. రేఖ వై = ఈ × ఎక్స్.